జపనీసు నోట్సు తెలుగులో రాసుకుంటే

వచ్చే నెల నాలుగు వారాలు ఫుకువోకా వెళ్తున్నాను, జపనీసు నేర్చుకోడానికి. ఆఫీసు పని మీద కాదు. నా డబ్బులతో, జీతం లేని సెలవు మీద. ఈ మాట చెప్పగానే అందరూ అడిగేది "ఆన్‌సైటా?" అని. కాదంటే, "ఫోన్లోనే అనువాదం వచ్చేస్తోందిగా, ఇంకెందుకు బాబూ?" అంటారు.

ఎందుకంటే మా క్లయింటు జపాన్ వాళ్ళు. కాల్‌లో వాళ్ళలో వాళ్ళు నాలుగు నిమిషాలు మాట్లాడుకుంటారు. మధ్యలో ఉండే బ్రిడ్జ్ ఇంజనీరు మాకు చెప్పేది మాత్రం ఒక్క ముక్క: "కొంచెం కష్టం అంటున్నారు." కష్టం అంటే టైము పడుతుందేమో అనుకుని మా వాళ్ళు ఎస్టిమేట్ పెంచుతారు. కానీ "ముజుకషీ దెసు నె" అని వాళ్ళు నసిగితే చాలాసార్లు అది "కుదరదు" అని మర్యాదగా చెప్పడమే. ఫోను ఆ మాటకి అర్థం చెప్తుంది, నసుగుడికి చెప్పదు. ఆ నాలుగు నిమిషాల్లో ఏం జరిగిందో నా చెవులతో నేను వినాలి, అంతే.

తొంభై రోజుల లోపు కోర్సుకి స్టూడెంట్ వీసా అక్కర్లేదు, టెంపరరీ విజిటర్ వీసా చాలు. దాని మీద సంపాదన పనులు చేయకూడదు. "సాయంత్రాలు ఓ రెండు గంటలు లాగిన్ అవ్వొచ్చుగా" అన్నాడు మా మేనేజరు. ఆఫీసు లాప్‌టాప్ ఇక్కడే అప్పజెప్పి వెళ్తానన్నాను. ఆయనకి నచ్చలేదు. వచ్చాక ఇదే ప్రాజెక్టులో ఉంటానో లేదో తెలీదు, చూద్దాం.

అసలు చెప్దామనుకున్నది ఇదంతా కాదు. ప్రిపరేషన్ గురించి.

అందరిలాగే నేనూ "మిన్నా నో నిహోంగో" తో మొదలెట్టాను. వ్యాకరణం వివరణలు ఇంగ్లీషులో ఉన్న పుస్తకం తీసుకున్నా. అందులో పెద్ద వింతలా చెప్పేవన్నీ మనకి వింతలే కావు! క్రియ చివర వస్తుందట. విభక్తి మాట వెనక వస్తుందట. సరే, మనం పుట్టినప్పట్నుంచీ చేస్తున్నది అదేగా. పదో పాఠం దగ్గర నోట్సులో ఇంగ్లీషు తీసేసి తెలుగు రాయడం మొదలుపెట్టాను, అంతే, స్పీడు మారిపోయింది.

"కినో కత్త హొన్" అంటే "నిన్న కొన్న పుస్తకం". మాటకి మాట అదే వరస. ఇంగ్లీషులో రాయాలంటే పుస్తకాన్ని ముందుకి లాగి మిగతాదంతా వెనక తగిలించాలి. "తబెతె మిరు" అంటే తిని చూడటం. ఇక్కడ చూడటం అంటే కళ్ళతో కాదు, ప్రయత్నించడం అని పుస్తకంలో అర పేజీ వివరణ ఉంది. "కొంచెం తిని చూడు" అనే భాషవాడికి ఆ అర పేజీ ఎందుకు చెప్పండి? "ఇకు తొ ఇత్త" లో ఆ "తొ" మన "అని". వెళ్తానని అన్నాడు. రెండు వస్తువులైతే "ఫుతత్సు", మనుషులైతే "ఫుతరి". మనకి రెండు, ఇద్దరు ఉన్నట్టే.

ఉచ్చారణ ఇంకా సుఖం. "బిరు" అంటే బిల్డింగు, "బీరు" అంటే బీరే :-) "కొకొ" అంటే ఇక్కడ, "కోకో" అంటే హైస్కూలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడా ఇట్టే జారిపోతుంది. దేవనాగరిలోనూ మామూలుగా హ్రస్వ ఎ, ఒ లకి విడిగా అక్షరాల్లేవు. మనకి ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ ఉన్నాయి. వాళ్ళ అక్షరాల వరస చూడండి: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. మన "చ" చోట "స" ఉంది. "హ" ఒకప్పుడు "ప" లాగా పలికేదట. ఆ రెండూ మార్చి చదివితే మన గుణింతం పుస్తకమే. సంస్కృతం కోసం సిద్ధం లిపి చదువుకున్న బౌద్ధ సన్యాసుల ద్వారా వచ్చిన వరస అది.

ఇలా అంటున్నానని రెండూ అక్కచెల్లెళ్ళ భాషలని కాదు. సుసుము ఓనో అనే ఆయన తమిళానికీ జపనీసుకీ చుట్టరికం ఉందని వాదించాడు, భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నాకు చుట్టరికంతో పనిలేదు, పోలికతోనే పని.

తెలుగు కాలికి అడ్డం పడే చోట్లూ ఉన్నాయి. "వెళ్తాను" అంటే నేనని తెలిసిపోతుంది. "ఇకిమసు" అంటే నేనో, మీరో, ఆయనో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. పేరు వెనక "సాన్" మన "గారు" లాంటిదే, మన పేరుకి మనం తగిలించుకోం. కానీ క్లయింటు ముందు సొంత మేనేజరు పేరుకి కూడా "సాన్" తీసేయాలి, తన వాళ్ళని బయటివాళ్ళ ముందు తగ్గించి చెప్పడం అక్కడి మర్యాద. పెద్దాయన్ని గారు లేకుండా పిలవడానికి నాకింకా నోరు రావట్లేదు.

తిండి సంగతి అమ్మ బెంగ. చేపా మాంసం తిననని చెప్తే సరిపోదు, చేపతో కాచిన "దషి" అనే చారు ఉడోన్‌లో, మిసో సూపులో ఉంటుంది, చాలామంది దాన్ని చేప కింద లెక్కెయ్యరు. అందుకని "దషి లో చేప ఉందా?" అనే వాక్యం కంఠతా పట్టాను. కుక్కరు, కందిపొడి ఎటూ సూట్‌కేసులో ఉంటాయనుకోండి.

కంజీల విషయంలో మాత్రం తెలుగు ఏం సాయం చెయ్యదు. నిత్యవాడుక జాబితాలోనే 2136 ఉన్నాయి. నాకు మూడొందలు వచ్చు. రోజుకి ఐదు చొప్పున నెట్టుకొస్తున్నా.

ఇంకో చిక్కు. "హషి" అంటే వంతెన, "హషి" అంటే తినే పుల్లలు కూడా. తేడా అంతా స్వరం ఎక్కడ పైకి లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అన్నదాంట్లోనే. దాన్ని రాసుకోడానికి మన మామూలు రాతలో గుర్తు లేదు. ప్రస్తుతానికి అక్షరం మీద పెన్సిలుతో గీత గీస్తున్నాను. మీలో ఎవరైనా ఇంతకన్నా మంచి పద్ధతి కనిపెట్టి ఉంటే చెప్పండి, ఇంకా మూడు వారాల టైముంది.