ఇస్త్రీపెట్టె చెప్పిన లెక్క

రాత్రి మా చోడవరంలో ఓల్టేజీ పడిపోయింది. ఇస్త్రీపెట్టె ఎంతకీ వేడెక్కదే! "వెయ్యి వాట్లని రాసుంది కదా నాన్నా?" అన్నాడు మావాడు. సరే, కాగితం తీశాం.

1000 వాట్లని 230 ఓల్టులతో భాగిస్తే కరెంటు 4.35 ఆంపియర్లు. ఓల్టేజీని ఆ కరెంటుతో భాగిస్తే నిరోధం దాదాపు 53 ఓములు. లోపలి తీగ అదే కదా, నిరోధం పెద్దగా మారదు. స్టెబిలైజర్ చూస్తే 180 చూపిస్తోంది. అంటే కరెంటు 3.4 ఆంపియర్లే. రెండూ గుణిస్తే 612 వాట్లు! ఓల్టేజీ ఐదోవంతు తగ్గితే వేడి మూడోవంతుకు పైగా పోయింది.

తోటకి నీళ్లు తోడే మోటారుది మాత్రం తిరకాసు లెక్క. ఓల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. చెరుకు తోటలున్నవాళ్లూ, లో ఓల్టేజీలో మోటారు వేయకండి.