మలోలోసు వనితల యర్జీ

ఇంటి పాలన స్త్రీలదనియు, ఊరి పాలన పురుషులదనియు చెప్పువారు నేటికిని గలరు. కాని మన యింటికి వచ్చు నీరు, వీధిదీపము, పిల్లల బడి, సంతలోని తూనిక, ఇవి యన్నియు నూరి పాలనకు లోబడినవే గదా! ఈ రెండు పాలనలకును గల సంబంధమును ఫిలిప్పైను దీవులలోని యొక పట్టణపు స్త్రీలు చాల కాలము క్రిందటనే గ్రహించిరి. వారి చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మలోలోసు పట్టణము బులకాను రాష్ట్రమునకు రాజధాని. మనీలా నగరమునకు వాయవ్యమున సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ దీవులను స్పెయిను దేశస్థులు మూడు వందల యేండ్లకు పైగా నేలిరి. ఆ కాలమున నూరిపెద్దను గోబెర్నదోర్సిల్లో యనెడివారు. కలిగిన కుటుంబములలోని పురుషులు కొలదిమంది యతని నెన్నుకొనెడివారు. అతనిపై నూరి చర్చి గురువుల పెత్తనము మిక్కుటముగా నుండెడిది. జనులాడు భాష తగలోగు. ప్రభుత్వపు టుత్తరువులును తీర్పులును స్పానిషు భాషలో వెలువడెడివి. ఊరూర బాలురకొకటియు బాలికలకొకటియు పాఠశాల యుండవలెనని 1863లో శాసనము పుట్టినను, బాలికల చదువు చాలచోట్ల ప్రార్థనలతోను కుట్టుపనితోను ముగియుచుండెను. పాలకుల భాష రానివారు పాలకుల నేమని ప్రశ్నింపగలరు?

1888 డిసెంబరు 12వ తేదీన గవర్నరు జనరలగు వలేరియానో వెయిలరు మలోలోసునకు వచ్చెను. ఆనాడు ఇరువదిమంది యువతులు అతనిని దర్శించి యొక యర్జీ సమర్పించిరి. వారిలో ననేకులు చీనా సంతతికి చెందిన వర్తక కుటుంబముల వారు. ఆ యర్జీని అల్బెర్తా ఉయితాంకోయి యను నామె స్వయముగా నతని చేతికందించెను. స్పానిషు నేర్చుకొనుటకు తమకొక రాత్రి పాఠశాల కావలెనని వారి కోరిక. నగలు గాదు, పన్నుల తగ్గింపు గాదు, వారడిగినది చదువు! ఊరి గురువు దీనికడ్డుపడెను. అయినను వారు పట్టు విడువలేదు. తుదకు 1889లో, ఖర్చు తామే భరింపవలెననియు, ఉపాధ్యాయిని స్త్రీయే కావలెననియు నిబంధనలతో ననుమతి లభించెను. ఆ బడి కొన్ని నెలలకే మూతపడినను, ఆ సాహసము మూతపడలేదు. అప్పుడు లండనులో నున్న హోసే రిజాలు 1889 ఫిబ్రవరిలో వారికి తగలోగు భాషలో దీర్ఘమైన లేఖ వ్రాసి, తల్లి వివేకవతియై తలయెత్తి నిలిచిననే బిడ్డలు స్వతంత్రులగుదురని బోధించెను.

పదియేండ్లు గడువకమునుపే మలోలోసు దేశచరిత్రకే కేంద్రమయ్యెను. 1898 సెప్టెంబరు 15న అచటి బరసోయిను చర్చిలో ప్రతినిధిసభ సమావేశమయ్యెను. అది రచించిన రాజ్యాంగము 1899 జనవరి 21న ప్రకటింపబడెను. 23న అగినాల్డో యధ్యక్షుడుగా ప్రజాప్రభుత్వ మారంభమయ్యెను. జనులకు విద్య నిర్బంధముగను ఉచితముగను గరపవలెనని యా రాజ్యాంగమున వ్రాయబడెను. కాని యా సభలో నొక్క స్త్రీకైనను స్థానము లేదు. మార్చి 31న నమెరికను సేన యా పట్టణమును పట్టుకొనెను.

స్త్రీలకు ఓటు రావలెనన్న మరి ముప్పదియెనిమిది యేండ్లు వేచియుండవలసి వచ్చెను. మూడు లక్షల మంది స్త్రీలు తామే కావలెనని చెప్పిననే యా హక్కు నిత్తుమని 1935 నాటి రాజ్యాంగము విధించెను. పురుషులకు లేని పరీక్ష స్త్రీలకు! 1937 ఏప్రిలు 30న 4,47,725 మంది స్త్రీలు కావలెననిరి. 44,307 మంది మాత్రమే వలదనిరి.

2002లో మలోలోసు నగరహోదా పొందెను. మేయరును నగరసభ్యులను జనులే యెన్నుకొందురు. నగరమునందు 51 బరంగాయిలు గలవు. బరంగాయి యన పేట వంటిది. నావ యను నర్థముగల పదము నుండి యీ పేరు వచ్చినదందురు. ఒక్కొక్కదానికి నొక పెద్దయు, ఏడుగురు సభ్యులును నెన్నుకొనబడుదురు. 1991 నాటి స్థానికపాలన శాసనము ననుసరించి, ఇరుగుపొరుగుల తగవులలో ననేకము న్యాయస్థానమునకు బోకమునుపే బరంగాయిలోని మధ్యవర్తుల యెదుటికి రావలెను. అచట వకీలుండడు, ఎవరి మాట వారే చెప్పుకొనవలెను. నోరు విప్పి చెప్పుకొనగలిగిన స్త్రీకే యట్టి చోట న్యాయము దొరకును గదా!

సోదరీమణులారా! ఆ యిరువదిమంది రాజ్యము నడుగలేదు. రాజ్యము మాటలాడు భాష నడిగిరి. కథలు చదువగలిగిన మనము పన్ను రసీదును, పురపాలక సంఘపు ప్రకటనను, ఓటర్ల పట్టికను మగవారి చేతికిచ్చి యూరకుండ నేల? వానిని మనమే చదువుదము. అర్థముగానిచోట నడుగుదము. మన కుమార్తెలకును చదివించి చూపుదము. అక్షరము వచ్చినవారికి అర్జీ వ్రాయుట కష్టముగాదు.