ఆకు రాలు కాలంలో సేలం

మన పంచాంగం ప్రకారం ఆకులు రాలేది శిశిరంలో. శరత్తు అంటే మనకు తేటపడిన ఏరులు, పండు వెన్నెల. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో మాత్రం శరత్తే ఆకు రాలు కాలం. అందుకే అక్కడి వాడుకలో దానికి ‘ఫాల్’ అన్న పేరు స్థిరపడింది. 2022 అక్టోబరులో బోస్టన్‌లో మా అమ్మాయి వద్ద ఉన్నప్పుడు, మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణాన్ని సందర్శించే అవకాశం మాకు లభించింది. ఇది మన ఉక్కు కర్మాగారమున్న సేలం కాదు. దీని ప్రసిద్ధి వేరు.

బోస్టన్ నార్త్ స్టేషన్ నుండి రైలులో సుమారు అరగంట ప్రయాణం. దారి పొడవునా ఎర్రబారిన మేపుల్ చెట్లను చూసి మా శ్రీమతి మోదుగుపూలను తలచుకున్నది. ఆకులోని పత్రహరితం క్షీణించగా అంతవరకు మరుగున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపును మాత్రం ఆకు అప్పటికప్పుడు కొత్తగా తయారు చేసుకుంటుంది. ఎండ కాసే పగళ్ళు, చల్లని రాత్రులు వరుసగా వస్తే ఆ రంగు మరింత గాఢమవుతుందట.

సుమారు 44,000 జనాభా గల ఆ పట్టణానికి ఆ ఒక్క నెలలోనే పది లక్షలకు పైగా యాత్రికులు వచ్చారు. కారణం అక్టోబరు 31న జరిగే హాలోవీన్ పండుగ. గుమ్మాల ముందు ముఖాలు చెక్కిన గుమ్మడికాయలు మన దిష్టి గుమ్మడికాయకు దూరపు చుట్టాలనిపించాయి. వీధి నిండా కోసు టోపీలు, నల్లని అంగీలు ధరించిన మంత్రగత్తెలు! పోలీసువారి చిహ్నంలో సైతం చీపురు మీద ఎగిరే మంత్రగత్తె బొమ్మే.

నిజానికి 1692లో ఇక్కడ ఉన్నది మంత్రగత్తెలు కారు, ఆ నింద మోసిన మామూలు మనుషులు. నిందితుల ఛాయారూపాలు తమను పీడించాయన్న మాటలనే సాక్ష్యంగా స్వీకరించి న్యాయస్థానం 14 మంది స్త్రీలను, అయిదుగురు పురుషులను ఉరి తీయించింది. విచారణకు అంగీకరించని వృద్ధుడు జైల్స్ కోరీని పైన బండరాళ్ళు పేర్చి చంపారు. మనకు ఇది మరీ పరాయి కథేమీ కాదు. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన పత్రికలలోనూ చదివాము. బీహారులో 1999లో, ఝార్ఖండ్‌లో 2001లో ఇటువంటి నిందను నేరంగా పరిగణించే చట్టాలు వచ్చాయి.

చార్టర్ వీధిలోని పాత శ్మశానవాటిక పక్కనే, ఆ ఘటనకు 300 ఏళ్ళు నిండిన 1992లో నిర్మించిన స్మారకం ఉన్నది. రూపకర్తలు వాస్తుశిల్పి జేమ్స్ కట్లర్, కళాకారిణి మాగీ స్మిత్. మూడు వైపుల ఎత్తు తక్కువ రాతిగోడ; దానినుండి ముందుకు చొచ్చుకువచ్చిన 20 గ్రానైట్ పలకలు. మన భాషలో కాంటిలీవర్లు. ఒక్కొక్క పలక మీద ఒక పేరు, మరణించిన విధం, తేదీ, అంతే. ప్రవేశంలోని గడపరాళ్ళపై నిందితులు తాము నిర్దోషులమని మొరపెట్టుకున్న మాటలు చెక్కారు. ఆ వాక్యాలు గోడ వరకు సాగి, మధ్యలోనే తెగి గోడ కిందకు పోతాయి. మూడు దశాబ్దాలుగా డ్రాయింగులతో సహవాసం చేస్తున్న మాకు, ఇంత తక్కువ సామగ్రితో ఇంత చెప్పిన నిర్మాణం మరొకటి తారసపడలేదు.

మంత్రగత్తె టోపీ పెట్టుకున్న ఒక పాప ఒక పలక మీదికి ఎక్కబోగా, తల్లి ఆపి దానిపై పేరు చదివి వినిపించింది. పాప టోపీ తీయలేదు గాని, ఒక ఎర్రని ఆకు ఏరి తెచ్చి ఆ పేరు పక్కన పెట్టింది.

ఆ పలకలలో ఒకటి 1692 జులై 19న ఉరితీయబడిన ఎలిజబెత్ హౌది. ఆ పేరు మాకు కొన్ని రోజుల తరువాత న్యూయార్క్‌లో మళ్ళీ ఎదురైంది. సేలంలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియం 2021లో ఏర్పాటు చేసిన ప్రదర్శన అప్పుడు అక్కడి హిస్టారికల్ సొసైటీ భవనానికి వచ్చి ఉన్నది. అందులో బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ రూపొందించిన గౌను ఒకటి. నల్లని మఖమలు మీద, మెడ నుండి కిరణాల వలె విచ్చుకున్న గాజుపూసలు. తాను ఎలిజబెత్ హౌ వంశీయుడనని తల్లి పరిశోధన వల్ల తెలుసుకున్న మెక్వీన్, 2007 నాటి శరత్, శీతకాలపు దుస్తుల శ్రేణిని ఆమె స్మృతికి అంకితం చేశాడు. వీధిలోని నల్ల అంగీలు చూసి వచ్చిన మాకు ఆ నలుపు వేరుగా కనిపించింది.

అదే ప్రదర్శనలో ఫ్రాన్సిస్ డెన్నీ తీసిన ఛాయాచిత్రాలున్నాయి. నేడు తమను తామే మంత్రగత్తెలమని చెప్పుకొనేవారి చిత్రాలవి; చాలామంది మన పొరుగింటివారి వలెనే నిలబడి సూటిగా చూస్తుంటారు. డెన్నీ పూర్వీకులలో ఒకరు ఆనాటి న్యాయమూర్తి శామ్యూల్ స్యూవాల్. 1697లో చర్చిలో అందరి ఎదుట తప్పు ఒప్పుకొన్నవాడు. మా శ్రీమతికి ఈ చిత్రాలు నచ్చాయి. మాకు గౌనే నచ్చింది.

మరణశిక్ష పడి, అమలు కాక బతికి బయటపడిన ఎలిజబెత్ జాన్సన్ పేరు మీది నేరం మాత్రం 2022 జులై వరకు రద్దు కాలేదు. అది కూడా ఎనిమిదో తరగతి విద్యార్థులు పట్టుబట్టి సాధించినది.

వెళ్ళదలచినవారు అక్టోబరు చివరి శని, ఆదివారాలు మానుకొని వారం మధ్యలో వెళ్ళడం మేలు. స్మారకానికి ప్రవేశ రుసుము లేదు. ఉరితీసిన స్థలంగా 2016లో నిర్ధారించిన ప్రాక్టర్స్ లెడ్జ్ ఊరి నడిబొడ్డు నుండి కాలినడక దూరమే. ఒక మందుల దుకాణం వెనుక, ఇళ్ళ మధ్య ఉన్నది కనుక దారి అడిగి వెళ్ళవలసి ఉంటుంది.