యొకొతాలో ఎవరన్నా ఎక్కిండ్రా?

 

మేం ముగ్గురం పాలమూరోళ్లం. ఫుకుషిమా అనంగనే అందరికీ అణు ప్రమాదమే యాదికొస్తది. మేముండేది ఆ సముద్రం ఒడ్డున కాదు, లోపల కొండల నడుమ ఐజు-వకమత్సులో. ముసలోళ్ల హోంలో కేర్‌గివర్లుగా చేస్తున్నం.

మా హోంలో ఒక అవ్వ ఉంది. తొంభై దాటినయి. రోజూ ఒక్కటే అడుగుతది, "తదామి రైలు మళ్లీ నడుస్తుందా?" అని. నడుస్తుంది అవ్వా అంటం. తెల్లారి మళ్లీ అదే మాట.

ఆమె తప్పు లేదు. 2011 జులై వానలకు తదామి నది పొంగి మూడు వంతెనల గడ్డర్లు కొట్టుకపోయినయి. ఐజు-కవగుచి నుంచి తదామి దాకా 27.6 కిలోమీటర్లు బండి బంద్. పదకొండేండ్లు బస్సే దిక్కు. రైల్వే కంపెనీ మొదట బస్సే చాలన్నది. ఊర్లోళ్లు వినలే. చివరికి ఆ ముక్కలో పట్టాలు ఫుకుషిమా ప్రభుత్వం సొంతం చేసుకుంది, బండి కంపెనీ నడుపుతది. 2022 అక్టోబర్ 1న మళ్లీ మొదలైంది. అక్కడ రోజుకు అటు మూడు, ఇటు మూడు బండ్లే.

మొన్న ముగ్గురికీ ఒకేరోజు సెలవు దొరికింది. అవ్వకు వీడియో తీసి చూపిద్దామని పొద్దుగాలే డీజిల్ బండి ఎక్కినం. వంతెన మీదికి రాంగనే కింద పచ్చటి నీళ్లు, వాటి మీద పొగమంచు. ఫోన్ పట్టుకున్న చేతులు చలికి కొంకర్లు పోయినయి.

ఈ లైన్ కొఇదే దాకా 135.2 కిలోమీటర్లు. 1926లో మొదలుపెడితే 1971 దాకా పూర్తి కాలేదు. 1980లల్ల నష్టాల లైన్లు మూసేస్తుంటే ఇది బతికింది. ఎందుకంటే కొండ దాటే రోడ్డును చలికాలం మంచుకు మూసేస్తరు, రైలు ఒక్కటే దారి. ఇంకో సంగతి, కవగుచి-తదామి ముక్క అసలు జనం కోసం వేసింది కాదు. తాగోకురా డ్యాం కట్టనీకి సామాన్లు మోసేటందుకు వేసిండ్రు. ఆ డ్యాం కింద తాగోకురా అనే పల్లె మునిగింది.

అది తెలిసినంక మేం కాసేపు మాట్లాడుకోలే. మాలో ఇద్దరి తాతల ఊర్లు శ్రీశైలం నీళ్లల్ల ఉన్నయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి గోడలు తేలుతయని మా నాయినలు చూడబోయేటోళ్లు. మాకు ఆ ఊర్ల పేర్లు తెలుసు, దారి తెల్వదు.

రాత్రి డ్యూటీల అవ్వకు వీడియో పెట్టినం. కండ్లు చిన్నవి చేసుకొని చూసింది. వాళ్ల ఊరి స్టేషన్ ఐజు-యొకొతా రాంగనే అడిగింది, "ఎవరన్నా ఎక్కిండ్రా?" అని.

ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఎక్కిండ్రని చెప్తే ఏం పోతది అనిపించింది. కానీ నోరు రాలే. "ఎవ్వరూ ఎక్కలే అవ్వా. కానీ ఒక తాత పొలం కాడ నిలబడి బండికి చెయ్యి ఊపిండు" అన్నం. అది నిజమే. వీడియోలో ఉంది.

అవ్వ ఫోన్ దిక్కు చూసుకుంట తనూ చెయ్యి ఊపింది.

తెల్లారి మళ్లీ అడిగింది, రైలు నడుస్తుందా అని. ఫోన్ తీసినం. ఆ వీడియో ముగ్గురి ఫోన్లల్ల పెట్టుకున్నం, డ్యూటీ ఎవరిదైతే వాళ్లు చూపియ్యాలె.