గంజి గిన్నె

చిన్నప్పుడు రంజాన్ వస్తే అసర్ నమాజ్ టైముకి దాదీ నా చేతికి తామ్‌చీనీ గిన్నె ఇచ్చేది. "ఒలకబోయకు బేటా, రోజాదార్ల గంజి అది" అని రోజూ చెప్పేది. కడపలో మా మొహల్లా మసీదు ముందు పిల్లలందరం లైను కట్టేవాళ్లం. డేగ్‌లోంచి పొగలు కక్కే గంజి పోస్తే గిన్నె చురుక్కుమనేది. రుమాలుతో పట్టుకుని ఇంటికి పరిగెత్తేవాణ్ణి.

మొన్నటి రంజాన్‌లో అదే మసీదుకి మా అబ్బాయిని పంపాను. ఖాళీ చేతులతో వెళ్లి, పల్చటి ప్లాస్టిక్ కవర్లో గంజి వేలాడేసుకుని వచ్చాడు. ఆ వేడికి కవర్ మెత్తబడి సాగిపోయింది.

పలంగ్ మీంచి అబ్బా చూస్తున్నారు. రెండేళ్ల కింద ఆయనకి ఫాలిజ్ వచ్చింది. మెడలో మెదడుకి పోయే నరంలో కొవ్వు పేరుకుందన్నారు డాక్టర్లు. "బేటా, రక్తనాళాల్లో ప్లాస్టిక్ దొరికిందని నువ్వే పేపర్లో రాశావుగా. నా మెడలో కూడా ఉందా?" అని అడిగారు.

ఏం జవాబు చెప్పను? నేను రాసింది 2024 మార్చిలో వచ్చిన ఇటలీ డాక్టర్ల తహ్కీక్ గురించి. మెడ నరంలో ఆపరేషన్ చేసి తీసిన కొవ్వుని పరీక్షిస్తే, 257 మందిలో 150 మందికి అందులో పాలిథీన్ కనిపించింది. మన కవర్లు తయారయ్యేదీ పాలిథీన్‌తోనే. సుమారు 34 నెలలు వాళ్లని గమనించారు. ప్లాస్టిక్ ఉన్నవాళ్లలో గుండెపోటు, ఫాలిజ్, మౌత్‌ల ఖతరా నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. అయితే ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందనడానికి ఇది సబూత్ కాదని ఆ డాక్టర్లే చెప్పారు.

"ఉండొచ్చు అబ్బా. కానీ మీ ఫాలిజ్‌కి మొదటి ముజ్రిమ్‌లు మీ షుగరూ, నలభై ఏళ్ల సిగరెట్లూ" అన్నాను. నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. మింగినవాటిలో పెద్దవి చాలావరకు మలంతో పోతాయి. ఫికర్ అంతా కంటికి కనపడని వాటి గురించే. అవి పేగు గోడ దాటి లోపలికి పోగలవు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ దొరికింది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో పేగు వాపులు కనిపించాయి. మనుషుల్లో ఎంత మింగితే ఎంత నుక్సాన్ అనేది ఇంకా తేలలేదు. వారానికో క్రెడిట్ కార్డంత తింటున్నామని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం ముబాలగా.

వేడి తగిలితే ప్లాస్టిక్ రేణువులు ఎక్కువ రాలతాయన్నది మాత్రం పక్కా. పేపర్ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వంద మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే 25,000 రేణువులు రాలాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు లెక్క తేల్చారు. ప్లాస్టిక్ పాలసీసాల్లో వేడి నీళ్లు పోస్తే లీటరుకి కోటీ అరవై లక్షల దాకా రాలొచ్చని 2020లో ఐర్లాండ్ వాళ్లు చెప్పారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాయికి రెండేళ్లు ఆ సీసాతోనే పాలు పట్టాం. మరిగే నీళ్లు పోసి పాలపొడి కలిపింది నేనే.

మర్నాడు మసీదు కమిటీ సదర్ సాబ్‌ని కలిశాను. "గిన్నెలు తెమ్మంటే ఎవరూ తేరు భాయ్. చేతిలో గిన్నె పట్టుకుని నిలబడితే ఫకీరులా కనిపిస్తామని షరమ్" అన్నారాయన. అబద్ధం కాదు. మా అబ్బాయి మొహంలోనే ఆ షరమ్ చూశాను.

దాదీ తామ్‌చీనీ గిన్నె అటక మీద దొరికింది గానీ పెచ్చులూడి నల్లబడింది. అమ్మీ ఒక స్టీలు గిన్నె తీసిచ్చింది. ఆ సాయంత్రం నేనే వెళ్లి, నా నడుమంత ఎత్తు పిల్లల మధ్య లైన్లో నిలబడ్డాను. ఎవరో వెనక నవ్వారు. గంజి పోసే చాచా గరిటె ఆపి, "నీ దాదీ పంపిందా?" అన్నాడు.

అవునన్నాను.

మూడో రోజు మా అబ్బాయి గిన్నె నా చేతిలోంచి లాక్కుని తనే వెళ్లాడు. లైన్లో ఇంకా రెండు గిన్నెలున్నాయట. ఇంటికి రాగానే వేళ్లు ఊదుకుంటూ, "అబ్బా, చాలా కాలుతోంది, రేపు రుమాలివ్వు" అన్నాడు.