ధనుర్మాసం చలి, అనపకాయల కట్టు

మదనపల్లె నుంచి కదిరి రోడ్డున వస్తుంటే అంగళ్లు దగ్గర పడేసరికి హార్సిలీ కొండ కనపడాల. ఈ నెలలో పొద్దున తొమ్మిదైనా మంచు వదలడం లేదు. 1,265 మీటర్ల కొండ, ఎక్కడ దాక్కుందో ఏమో! ఇంజనీరింగు కాలేజీ పిల్లోళ్లు టీ అంగడి ముందర మఫ్లర్లు చుట్టుకుని నిలబడి ఉన్నారు. కోస్తా నుంచి వచ్చిన పిల్లల్ని ఇట్టే గుర్తుపట్టవచ్చు, రెండో టీ తాగుతుండేది వాళ్లే. గుళ్లో తెల్లవారకముందే పొంగలి ప్రసాదం. టమోటా మండీలో వేసవిలో ఉండే తోపులాట లేదు, లారీలు తక్కువ. ఇవన్నీ ఏటా ఉండేవే గానీ, ఇంట్లో ఆడవాళ్లు చెప్పుకుంటున్న కబురు ఒక్కటే: అనపకాయలు దిగినాయి.

అనపకాయ చలికాలపు పంట. పాతకాలపు నాటు రకాలకు పగటి పొద్దు తగ్గితే గానీ పూత రాదు. రాగిచేనులో మధ్యమధ్య సాళ్లుగా వేసేవాళ్లు. రాగులు కోసి ఇంటికి తెచ్చుకున్నాక అనప తీరిగ్గా కాసేది. ఆ లెక్కన సంగటీ, సంగటిలోకి చారూ ఒకే చేనులోంచి వచ్చేవి. మంచు బాగా పడిన రోజుల్లో కాయ మీద జిడ్డుగా ఒక పసరు ఊరుతుంది. దాని వాసన బుట్ట ఇంకా గుమ్మం దాటకముందే ఇంట్లోకి వస్తుంది. "చేతికి జిడ్డు అంటకపోతే అదేం కాయమే!" అనేది మా అవ్వ, బేరం మొదలుపెట్టక ముందే.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు హెబ్బాళ అవరె 3, హెబ్బాళ అవరె 4 అని పొద్దుతో నిమిత్తం లేని రకాలు తీసుకొచ్చారు. వాటి పుణ్యమా అని ఇప్పుడు ఎండాకాలంలో కూడా కాయలు దొరుకుతాయి. రైతుకు మంచిదే, కాదనను. కానీ మేలో కొన్న కాయకు ఆ వాసన ఉండదు. ఒలిచే ఓపిక కూడా ఉండదు నాకు.

మా ఇంట్లో ఈ కాయల మొదటి వంట కట్టు. అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి మా అక్కచెల్లెళ్లకు వచ్చింది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. గింజలు ఒలిచి, పసుపూ ఉప్పూ వేసి, నీళ్లు ధారాళంగా పోసి పొయ్యి మీద పెట్టాల. గింజ ముక్కాలు ఉడికినాక వంకాయ, బీన్సు, ఉర్లగడ్డ ముక్కలు, చేతికందిన ఆకు ఏదైనా వేయొచ్చు. అన్నీ మెత్తబడినాక సిబ్బి అడ్డం పెట్టి నీళ్లు వేరే గిన్నెలోకి వంచుకోవాల. లేత బంగారు రంగులో దిగుతుంది. కూరగాయల సారమంతా ఆ నీళ్లలోనే. అదే కట్టు.

ఇంకో పక్క ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ధనియాలు, జీలకర్ర, నాలుగు మిరియాలు, ఎండుమిరపకాయలు నూనెలో వేయించి, పచ్చిటెంకాయ తురుము, చింతపండు చేర్చి నూరాల. నూరేటప్పుడు ఉడికిన గింజలు కూడా ఒక పిడికెడు పడాల. చారుకు చిక్కదనం వచ్చేది దానివల్లే. ఈ ముద్దను కట్టులో కలిపి, నురుగు పైకి పొంగేదాకా కాచి, ఆవాలు, కరివేపాకు, దంచిన తెల్లగడ్డతో తిరగమాత పెడితే అయిపోయింది. సిబ్బిలో మిగిలిన గింజలూ ముక్కలూ ఊరికే పోవు. ఎండుమిరపకాయ తుంచేసి, టెంకాయ చల్లి తాళింపు చేస్తే సంగటి పక్కన నంజుకోవడానికి సరిపోతుంది. పొయ్యి వెలిగించింది ఒక్కసారి, కూరలు రెండు. కట్టెలు ఏరుకొచ్చి వండిన కాలపు తెలివి ఇది. గ్యాసు బండ వచ్చినా పాతబడలేదు.

మా బంధువుల్లో తగాదాలు వచ్చేది మాత్రం ఇక్కడే. పుంగనూరు అత్త మిరియాలు గట్టిగా వేస్తుంది, టెంకాయ జోలికి పోదు. కుప్పం చిన్నమ్మకు టెంకాయ లేకపోతే అది చారే కాదు. అటు కర్ణాటకా ఇటు తమిళనాడూ ఆనుకునే ఉన్న ఊరు కదా, అక్కడ దీన్ని బస్సారు అనే అంటారు. ముళబాగిలు, కోలారు దాకా ముద్దతో కలిపి తినేది అదే. జనవరిలో బెంగళూరులో అనపకాయలకని ప్రత్యేకంగా మేళా పెడతారు. వాటితో దోసె, మిక్చరు, ఆఖరికి జిలేబీ కూడా చేసి అమ్ముతారు. జిలేబీ సంగతి వాళ్లకే వదిలేద్దాం.

టమోటా వేయొచ్చా అని మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి ఫోను చేసి అడిగింది. మదనపల్లె పక్కన ఉండి వద్దంటే ఊరు ఒప్పుకోదు. అయితే అవ్వ కట్టుకు పులుపు చింతపండుదే. 2023 జులైలో మదనపల్లె మండీలోనే టమోటా కిలో 200 రూపాయల దగ్గరికి పోయినప్పుడు, చుట్టుపక్కల ఇళ్లన్నీ మళ్లీ చింతపండు డబ్బా మూత తీసినాయి. ఆ నెలలో మా ఇంటి చారుకు ఏ లోటూ రాలేదు.

అదే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఆ ఊపులో రాగిసంగటి పెద్ద హోటళ్ల బోర్డులకు ఎక్కింది. పక్కన నాటుకోడి పులుసు రాశారు గానీ కట్టు ఎక్కడా రాయలేదు. వంద ప్లేట్లకు గింజలు ఒలిచే మనుషులు ఎక్కడ దొరుకుతారు? ఇటలీలో మినెస్ట్రోనె అని చిక్కుడుగింజలు, కూరగాయలు వేసి కాచుకునే సూపు ఉంది. అదీ ఇంటికొక రకం, రుతువుకొక రకం. అది మాత్రం ప్రపంచమంతా తిరిగొచ్చింది. మన కట్టు కుప్పంలో రైలెక్కి బెంగళూరు దాకా పోతున్నది, అదీ పిల్లలకని కట్టిచ్చిన స్టీలు క్యారియర్లలో.

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ కాయ ముదురుతుంది. అప్పుడిక పితికిపప్పు. గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున బొటనవేలితో నొక్కితే తోలు వదిలి పప్పు చెంగున ఎగురుతుంది. పిల్లలున్న ఇంట్లో సగం పప్పు గోడ వారన దొరుకుతుంది. పశువుల పండగనాడు కాటమయ్యకు పొంగళ్లు పెట్టుకుని ఇళ్లకొచ్చాక, మా వీధిలో చాలామంది వండేది ఇదే. ఆ తర్వాత చెట్టుమీదే ఎండిన గింజలు డబ్బాలోకి పోతాయి. ఎండలు మొదలైతే కట్టుకు ఉలవలు, మామిడి వచ్చినాక చింతపండు బదులు పుల్లమామిడి ముక్క, వానలు పడితే చేనుగట్ల మీద మొలిచిన ఆకు. కట్టు కాచే పద్ధతి మాత్రం మారదు.

పచ్చికాయ కావాలనుకునేవాళ్లు పశువుల పండగలోపే రండి. సంచి మీరే తెచ్చుకోండి. ఒలిచే పని కూడా మీదే. కట్టు కాచిపెట్టేది మాత్రం నేను.