చిరతలు – కర్త లేని వాక్యాలు

చిరతలంటే మనకు భజన గుర్తుకు వస్తుంది. రెండు కొయ్యచెక్కలు, వాటికి చిరుగజ్జెలు, నోట రామనామం. కాని ఆ మాటను పోలినదే ఒకటి 1855 నాటి ప్రభుత్వ నివేదికలో ఉంది. నిమ్మకాయ పిండే సాధనం వంటి రెండు చెక్కల నడుమ మనిషి చేతులో, చెవులో, తొడలో ఇరికించి నొక్కే పరికరం అది. అరవంలో దానిని 'కిట్టి' అంటారట. తెలుగు పేరు ఆంగ్లాక్షరాలలో 'చీరట' అని పడింది. అది మన చిరతేనని నా ఊహ. శబ్దవ్యుత్పత్తి తెలిసిన మిత్రులు సరిచూడగలరు. మనిషిని వంచి, మెడకూ కాలివ్రేళ్ళకూ కలిపి అతని గుడ్డతోనే కట్టివేసే శిక్షకు కూడా అందులో తెలుగు పేరుంది.

ఈ మాటలు అచ్చులోకి ఎక్కడానికి కారణం పార్లమెంటులో పుట్టిన ఒక ప్రశ్న. దాని వెనుక ఉన్నవాడు మద్రాసులోని తెలుగువాడు, గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1844లో క్రెసెంట్ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పి, ప్రజల కష్టాలను విన్నపంగా వ్రాసి లండనుకు పంపినవాడు. 1853లో డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చినప్పుడు ఆయనను జిల్లాలు త్రిప్పి చూపించాడు. మరుసటి సంవత్సరం జులైలో కామన్స్ సభలో మద్రాసు రాజధాని విషయం చర్చకు వచ్చినప్పుడు హింస మాట బయటపడింది. విచారణ తప్పలేదు.

ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ ఏర్పడింది. దాని ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. ఆనాడు శిస్తు వసూలు, పోలీసు పని రెండూ తహసీలుదారు క్రింది ఉద్యోగుల చేతిలోనే ఉండేవి. కనుక శిస్తు కట్టలేని రైతుకూ, నేరం ఒప్పుకోని అనుమానితునికీ దెబ్బలు కొట్టే చేయి ఒక్కటే. 1800లో కంపెనీకి దక్కిన దత్తమండలాలలో మా తర్లుపాడు ప్రాంతమూ ఉండేది. ఆ పాలన మా పెద్దలకు పరాయి కథ కాదు.

హింస నిజమని కమిషన్ తేల్చింది. అంతకన్న బాధాకరమైన మాట కూడా చెప్పింది: దెబ్బలు తిన్నవాడు న్యాయం పొందే దారి మరీ కష్టమని. అయితే నేరమంతా నేటివు ఉద్యోగులపై మోపి, దొరలకు దోషం అంటకుండా విడిచిపెట్టింది. శిస్తు ఎంతో నిర్ణయించినవారు ఎవరు? ఎంత వసూలయిందని అడిగినవారు ఎవరు? ఆ కర్తలు వాక్యంలోనుండి జారిపోయారు.

అయినా ప్రశ్న వృథా కాలేదు. 1859లో మద్రాసు పోలీసు వ్యవస్థను రెవెన్యూనుండి వేరుచేశారు. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు నిందితునిపై సాక్ష్యం కాదన్న నియమం 1872 సాక్ష్యచట్టంలో స్థిరపడింది. 2024 జులైలో అమలుకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది కొనసాగుతున్నది.

ఇప్పుడు మన పార్లమెంటుంది. కస్టడీ మరణాలెన్ని అని సభ్యులు అడుగుతూనే ఉంటారు. రాష్ట్రాలవారీ పట్టిక ఇచ్చి, పోలీసు రాష్ట్రాల విషయమని హోంశాఖ గుర్తుచేయడం పరిపాటి. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై 1997లో మనదేశం సంతకం చేసింది. ధ్రువీకరణ మాత్రం జరగలేదు. అందుకోసం తెచ్చిన బిల్లు 2010లో లోక్‌సభ దాటి, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్ళి, చివరకు 2014లో లోక్‌సభ గడువుతో పాటు మురిగిపోయింది.

తెలుగు పాఠాలు చెప్పినవాడిని కనుక నా దృష్టి క్రియాపదం మీదికి పోతుంది. 'కొట్టారు' అంటే ఎవరు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. 'మరణించాడు' అంటే చచ్చినవాడే కర్త అవుతాడు, కొట్టినవాడికి వాక్యంలో చోటే ఉండదు. 'కస్టడీ మరణం' అన్న సమాసంలో ఆ క్రియ కూడా కరిగిపోయి పట్టికలో ఒక అంకె మిగులుతుంది.

లక్ష్మీనరసు శెట్టికి వోటు లేదు, సభలో కుర్చీ లేదు. సముద్రాల అవతలి సభచేత ప్రశ్న అడిగించాడు. మనకు రెండూ ఉన్నాయి. వోటడగడానికి వచ్చినవారిని లెక్క ఎంత అని కాక, కర్త ఎవరు అని సభలో అడగమని మనం చెప్పవచ్చును. ఆ చెక్కల నడుమ వ్రేళ్ళు నలిగినవారి భాష మనదే గదా!